యాభై రూపాయల మొక్కు

కన్నమ్మ తెచ్చిన విస్తరాకుల కట్ట విప్పగానే రిబ్కాకు తేడా తెలిసిపోయింది. ఎప్పుడూ రెండు చేతులతో పట్టుకుంటే తప్ప నిలవని విస్తరి ఇవాళ ఒక్క అరచేతి మీద కూర్చుంది.

"ఏందక్కా, గింత చిన్నగున్నయి? అడవిల ఆకు దొరుకుతలేదా?"

కన్నమ్మ మెస్సు ముందు అరుగు మీద చతికిలబడి కొంగుతో మెడ తుడుచుకుంటోంది. ఏన్కూరు వెనక అడవిలో ఉన్న గూడెం ఆమెది. సగం దూరం నడిచి, సగం దూరం ఆటోలో వస్తుంది.

"ఆకుకేం తక్కువ చెల్లె. మోదుగ చెట్లు మస్తుగున్నయి."

"మరి?"

"పోయినసారి నాకు పెట్టిన కూడు ఎట్లుండె? పప్పుల పప్పేది? పెరుగడిగితే నీళ్ల చల్ల పోసినవ్. మళ్ల జర అన్నం పెట్టమంటే ఇనబడనట్టు పొయ్యికాడికి పోయినవ్. నీ కూడు తగ్గింది, నా ఇస్తరి తగ్గింది. ఇగ లెక్క సాపు."

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న రిబ్కా భర్త సంసోను నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలో దగ్గయింది. రిబ్కా చేతిలో విస్తరితోనే వెనక్కి తిరిగి, ఆ దగ్గు ఆగేదాకా అతన్నే చూసి, మళ్లీ కన్నమ్మ వైపు తిరిగింది.

వాళ్లిద్దరి మధ్య బేరం మొదటినుంచీ డబ్బుతో లేదు. కట్ట ఆకులకు రెండు పూటల భోజనం. మెస్సు పెట్టిన కొత్తలో, ఈ కాలంలో కూడా ఈ మార్పిడి బేరమేమిటని సంసోను ఎగతాళి చేసేవాడు. కానీ తర్వాత్తర్వాత రిబ్కా కొనే సరుకుల్లో ధర పెరగనిది ఆ ఆకు ఒక్కటే మిగిలింది. ఇప్పుడు అదీ పెరిగింది.

"రేటు పెంచుకోరాదే? బస్టాండుకాడ అందరూ ఎనభై తీసుకుంటున్రు" అంది కన్నమ్మ.

రిబ్కా గోడ వైపు చేయి చూపించింది. నీలం రంగు మీద తెల్లటి అక్షరాలు: మ్రొక్కుబడి భోజనం, యాభై రూపాయలు, ఎల్లప్పుడు. కన్నమ్మకు చదువు రాదు. అయినా ఆ గోడ సంగతి ఏన్కూరు సెంటర్లో తెలియనివాళ్లు లేరు.

"మొక్కేటోళ్లు రూపాయల మొక్కుతరా ఎవలన్నా? మేం తల్లికి బెల్లం మొక్కుతం, కోడి మొక్కుతం. కోడి ఎప్పుడైనా కోడే. రూపాయి ఏడాదికో తీరుగుంటది."

"అప్పుడు తోచలే అక్కా. మరి నీ కోడలు కాన్పుకు మేకపోతు మొక్కినవ్ గద, తీరిందా?"

కన్నమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. "యాడ తీరె? మేక ధర ఇన్నవా నువ్వు? తల్లికి తెల్వదా, ఆగుతది." పొయ్యి వైపు తొంగిచూసి, "ఏం జేసినవ్ కూర?" అంది.

*

రెండో కరోనా అప్పుడు సంసోను ఖమ్మం దవాఖానాలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. అంతకుముందు సత్తుపల్లి బొగ్గు గనుల్లో టిప్పర్ నడిపేవాడు. పక్క మంచాలు ఒక్కొక్కటే ఖాళీ అవుతుంటే, రిబ్కా దవాఖానా గేటు బయట చింతచెట్టు కింద కూర్చుని, ఏం ప్రార్థించాలో కూడా తెలియక, అతని పేరే మళ్లీ మళ్లీ అనుకుంది. వానలు మొదలయ్యేసరికి అతను తన కాళ్ల మీద తాను ఇంటికొచ్చాడు. ఊపిరితిత్తులు సగం పాడయ్యాయని, దుమ్ములో పని చేయకూడదని డాక్టర్లు చెప్పారు. టిప్పర్ పోయింది. రిబ్కా నడిపే మెస్సు ఒక్కటే మిగిలింది.

అతను ప్రార్థన మందిరానికి వచ్చిన మొదటి ఆదివారం, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో రిబ్కా లేచి నిలబడింది. నలుగురిలో మాట్లాడే మనిషి కాదామె. ఎప్పుడు నిలబడినా, వందనాలు, దేవునికి స్తోత్రం అని కూర్చునేది. ఆ రోజు మైకు చేతిలోకి రాగానే ఏడుపు వచ్చింది. ఏడుపు వెనకే మాటలు వచ్చాయి. దేవుడు తన ఇంటాయన్ని తిరిగి ఇచ్చాడనీ, అరవై రూపాయల ప్లేటు రేపటినుంచి యాభైయేననీ, తాను బతికినంత కాలం ఒక్క రూపాయి పెంచననీ, ఎవరి దగ్గరా ఒక్క రూపాయి ఎక్కువ ముట్టననీ. సంఘమంతా చప్పట్లు కొట్టింది. పాస్టర్ ఎబినేజర్ అయ్యగారు కళ్లు తుడుచుకున్నారు. ఆ వారంలోనే యూత్ వాళ్లు వచ్చి గోడ మీద రాసి వెళ్లారు. రంగు ఖర్చు కూడా తీసుకోలేదు.

మొదటి ఏడాది ఎలాగో గడిచింది. తర్వాత నూనె పెరిగింది. గ్యాసు బండ పెరిగింది. చందూలాల్ కిరాణా కొట్టుకు వెళ్లిన ప్రతిసారీ అతను ధర చెప్పే ముందు ఒక నిట్టూర్పు విడిచేవాడు, తనకేదో చావు కబురు వచ్చినట్టు. టీవీలో వార్తలు చూస్తుంటే, ధరలు అదుపు చేయడానికి రిజర్వు బ్యాంకు వడ్డీ రేట్లు పెంచిందని చెప్పారు. రిబ్కాకు కొంచెం సంతోషమైంది. పోనీ, పైన ఎవరో పట్టించుకుంటున్నారు అనుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్లకు శాంతికుమార్ అసలు సంగతి చెప్పాడు. అతను బ్యాంకులో ఫీల్డాఫీసరు. వాళ్ల సంఘంవాడే. రోజూ మధ్యాహ్నం మెస్సులోనే తింటాడు. మెస్సు షెడ్డు కోసం సంసోను పేరు మీద తీసుకున్న అప్పు అతని చేతుల మీదుగానే వచ్చింది.

"అక్కా, కిస్తీ అంతే ఉంటది గానీ, ఇంకా కొన్నేండ్లు ఎక్కువ కట్టాల్సొస్తది. వడ్డీ పెరిగింది గద."

"ఎందుకు పెరిగింది సారూ?"

"ధరలు పెరిగినయని."

రిబ్కా సాంబారు గరిటె పట్టుకుని నిలబడిపోయింది. "నేను పెంచలే గదా? ఈ సెంటర్ల ధర పెంచంది నేనొక్కదాన్నే. పెంచినోళ్ల మీద వెయ్యాలె గానీ నా మీద ఎందుకు?"

శాంతికుమార్ నవ్వాడు గానీ ఆ నవ్వులో ఇబ్బంది ఉంది. "దేశానికంతా ఒకటే మందక్కా. జ్వరం ఉన్నోడికీ లేనోడికీ అదే గోలీ. ఒకట్రెండేండ్లు ఓపిక పట్టు. ద్రవ్యోల్బణం తగ్గుతది."

ఆ మాటను రిబ్కా పట్టుకుంది. ద్రవ్యోల్బణం. మొదట్లో నోరు తిరగలేదు. తర్వాత పొయ్యి దగ్గర కూరగాయలు తరుగుతూ కూడా అలవోకగా అనగలిగింది. అది తగ్గాలి. తగ్గితే నూనె మళ్లీ మొక్కు నాటి ధరకు వస్తుంది, కందిపప్పు వస్తుంది, యాభై రూపాయలు మళ్లీ సరిపోతాయి. అప్పటిదాకా ఎలాగో నెట్టుకురావాలి. అంతే.

నెట్టుకురావడం ఎలాగో ఆమె చేతులే కనిపెట్టాయి. ముందు అప్పడం ఆగిపోయింది. పెరుగు మజ్జిగైంది. పప్పులో సొరకాయ ముక్కలు ఎక్కువై పప్పు తక్కువైంది. టమాట మండిపోయిన వానాకాలంలో చింతపండు నీళ్లతోనే చారు పెట్టింది. అన్నం రెండోసారి అడిగేవాళ్లను చూడకుండా ఉండడం నేర్చుకుంది. సంసోను అన్నీ చూశాడు. సంతలో ఏరి పారేసిన టమాటాలు తెచ్చి, కుళ్లిన భాగం కోసేసి, బాగున్న సగాన్ని జాగ్రత్తగా గిన్నెలో వేసేవాడు.

ఎలక్షన్ల నెలలో జీపుల కొద్దీ జనం దిగారు. ఎవరో చెప్పారట, ఏన్కూరులో యాభైకే భోజనం అని. బెంచీలు చాలక జనం అరుగు మీద కూర్చుని తిన్నారు. "మీకేం సిస్టర్, మస్తు గిరాకీ" అని సంఘంలో అందరూ అన్నారు. ఎంతమంది వస్తే అంత నష్టమని ఎవరికి చెప్పుకోవాలి? ఒక వాన రోజు ఎవరూ రాకపోతే రిబ్కా లోపల దేవునికి స్తోత్రం చెప్పుకుంది. తర్వాత భయపడింది.

*

కన్నమ్మ చిన్న ఆకులు తెచ్చిన ఆ రోజు మధ్యాహ్నం శాంతికుమార్ వచ్చి కూర్చునేసరికి, రిబ్కా విస్తరి వేసి వడ్డిస్తూనే అడిగింది.

"పొద్దుగాల వార్తలల్ల చెప్పిన్రు సారూ. ద్రవ్యోల్బణం తగ్గిందట గదా?"

"అవ్ అక్కా, బాగనే దిగింది."

"అయితే నూనె ఎప్పటిసంది తగ్గుతది?"

శాంతికుమార్ అన్నం కలుపుతున్న చేయి ఆపాడు. "తగ్గదక్కా."

"గిప్పుడే గద తగ్గిందంటివి!"

"ధర తగ్గలే, పెరుగుడు తగ్గింది. ఎట్ల చెప్పాలె... ఖమ్మంల బయల్దేరిన బస్సు జోరుగ పోతుండె. ఇప్పుడు డ్రైవర్ స్పీడు తగ్గించిండు. అంతేగానీ రివర్సు గేర్ల మళ్ల ఖమ్మం పోడు గద?"

"అంటే మళ్ల ఎన్కకు రాదా? ఎప్పటికీ?"

"రాదు. వస్తే ఇంకా డేంజర్ అంటరు మా పెద్దసార్లు." అతను అలవాటుగా "జర పప్పు..." అని, మధ్యలో ఆగి, "వద్దులే అక్కా, చాలు" అన్నాడు.

రిబ్కా పప్పు వేసింది. ఎందుకో నిండు గరిటె వేసింది. చేయి కడుక్కుని వెళ్తూ అతను గల్లాపెట్టె మీద వంద నోటు పెట్టి, చిల్లర కోసం ఆగకుండా బండి ఎక్కాడు. రిబ్కా యాభై పట్టుకుని రోడ్డు దాకా పరుగెత్తింది.

"ఉండనీ అక్కా."

"నేను ముట్టొద్దు సారూ. ఒక్క రూపాయి ఎక్కువ ముట్టనని చెప్పిన గద."

అతను చిల్లర తీసుకున్నాడు. ఆమె దుమ్ములో నిలబడి బండి కనుమరుగయ్యేదాకా చూసింది. రెండేళ్లుగా ఆమె ఎదురుచూసిన రోజు వచ్చింది, పోయింది. కొత్తగా ఏ రోజు కోసం ఎదురుచూడాలో ఆమెకు తెలియలేదు.

ఆ పూట ఇంకొకటి కూడా గమనించింది. చిన్న విస్తరిలో అదే అన్నం నిండుగా కనిపించింది. రెండోసారి ఎవరూ అడగలేదు.

సాయంత్రం మందిరం పక్కనున్న అయ్యగారింటికి వెళ్లింది. ఎబినేజర్ అయ్యగారు వరండాలో కుర్చీకి మేకు కొట్టుకుంటున్నారు. వందనాలు చెప్పి, నిలబడే అడిగింది.

"అయ్యగారూ, మొక్కు మార్చుకోవచ్చునా?"

ఆయన సుత్తి పక్కన పెట్టారు. ఆమె చెప్పినదంతా విన్నారు. తిట్టలేదు, ప్రసంగం చెయ్యలేదు. "నా సంగతి చూడమ్మా" అన్నారు. "నేను ఈ ఊరొచ్చిన కొత్తల కానుకల సంచిల పది రూపాయల నోట్లు పడేవి. ఇప్పటికీ అవే పది రూపాయల నోట్లు. దేవునికి మాత్రం ఏ ధరా పెరగలేదనుకుంటరు మనవాళ్లు."

రిబ్కాకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత.

"నిన్ను విడిపించడానికి నేనెవర్నమ్మా? నువ్వు సంఘం ముందర చెప్పినవ్. మార్చుకోవాలంటే సంఘం ముందరనే చెప్పు. మొక్కు వదులుతలేను, తీరు మారుస్తున్న అని. ఏం మారుస్తవో అది నువ్వే ఆలోచించుకో."

దారి పొడుగునా ఆలోచించింది. కోడి ఎప్పుడైనా కోడే అన్న కన్నమ్మ మాట మీద వచ్చి ఆగింది. రూపాయలు తీసేసి కూడు మొక్కితే? రోజూ ఇద్దరికి ఉత్తగా పెట్టడం. లేనివాళ్లకు, దవాఖానాకు పోయేవాళ్లకు. కడుపునిండా, పప్పులో పప్పుతో, పెరుగుతో. మిగతావాళ్లకు ఎనభై. బియ్యం ఎంత పెరిగినా ఇద్దరు ఇద్దరే. ఇది నిలబడుతుంది. ఇంటికి వచ్చేసరికి ఆమె నడక మారింది.

వారమంతా ఆ రెండు మాటలు పొయ్యి దగ్గర మెల్లగా అనుకుంటూ వచ్చింది. నలుగురిలో తడబడకూడదని. సంసోనుకు చెప్పలేదు. చెప్పడానికి వీలు కూడా కుదరలేదు. శనివారం మంచు బాగా పడి, అతని దగ్గు ఎక్కువైంది. వేడినీళ్ల ఆవిరి పట్టించి, వీపు మీద చేయి వేసి కూర్చుంటే, అరచేతి కింద ఏదో చినిగిన గుడ్డ కొట్టుకున్నట్టు ఉండేది ఆ ఛాతీ.

*

ఆదివారం పాటలయ్యాక అయ్యగారు, "సాక్ష్యాలున్నోళ్లు చెప్పొచ్చు" అని, ఆడవాళ్ల వైపు రిబ్కాను చూసి తల పంకించారు. రిబ్కా కొంగు తల మీదికి సర్దుకుంది. చాప మీద చేయి ఆనించి లేవబోయింది.

అప్పటికే మగవాళ్ల వైపు నుంచి సంసోను మైకు దగ్గరికి నడుస్తున్నాడు.

అతను మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు. ముందు ఊపిరి శబ్దమే స్పీకర్లలోంచి వచ్చింది.

"సంఘానికి వందనాలు. నా మాట ఎక్కువసేపు నడవదు, మీకు ఎరకే. నాతోని దవాఖానాల ఉన్నోళ్లు చానమంది లేరు. నేనున్న. నా పెండ్లాం మొక్కిన మొక్కుతోని ఉన్న. ఎన్ని కష్టాలొచ్చినా ఆమె మాట తప్పలే. మా ఇద్దరిల ఊపిరున్నంత కాలం ఆ మొక్కు తప్పమని దేవుని ముందర, మీ ముందర మళ్ల చెప్తున్న."

చప్పట్లు మొదలయ్యాయి. అయ్యగారు చప్పట్లు కొట్టలేదు. రిబ్కా వైపు ఒక్కసారి చూసి, పుస్తకంలో పేజీలు తిప్పడం మొదలుపెట్టారు. సగం లేచి ఉన్న రిబ్కా ఆనించిన చేతిని మెల్లగా మడిచి కూర్చుంది. పక్కన కూర్చున్న భవాని, కొత్తగా సంఘానికి వస్తున్న పిల్ల, ఆమె చేయి పట్టుకుని గట్టిగా నొక్కింది.

"అదృష్టవంతురాలివి వదినా. మా ఆయన ఒక్కనాడన్నా నా పేరెత్తిండా నలుగుర్ల?"

ఇద్దరూ ఇంటికి నడిచారు. అతను ఆగినచోటల్లా ఆమె ఆగింది. మిరప తోటల దగ్గరికి వచ్చాక రిబ్కా అంది:

"నీకు తెలుసు గదా, నేను ఏం చెప్పబోయిన్నో."

"ఎరకే. పొయ్యికాడ నువ్వు అనుకుంటుంటే ఇన్న."

"మరి ఎందుకు చేసినవ్ గట్ల?"

"భయమైంది."

"ఇద్దరికి ఉత్తగ పెడతనంటి గద. మొక్కు ఇడుస్తలేను గద."

"నువ్వు యాభై అని మొక్కినవ్, గిన్నేండ్లు నేను బతికిన. ఇద్దరికి పెడతనని మొక్కితే బతికిన్నా?"

"గిట్లనే నడిస్తే మెస్సు మూతబడతది. అప్పు ఎవరు కడతరు? నీ గోలీలకు యాడికెళ్లి తేవాలె?"

"మూతబడితే మూతబడనీ. అప్పుడు మనం మొక్కు తప్పినట్టు గాదు."

"నీ గోలీలు ఆగితే?"

అతను ఆగిపోయి, కరెంటు స్తంభానికి చేయి ఆనించాడు. కళ్లలో నీళ్లు ఉన్నాయో, చలిగాలికి వచ్చాయో తెలియలేదు. "నన్ను యాభై రూపాయలకు కట్టేసినవ్ రిబ్కా. నేను అడగలే. ఇప్పుడు ఇప్పుతనంటే నాకు ఊపిరాడుతలేదు. నీ మీద కోపం లేదు నాకు. భయం."

ఆమె అతని తువ్వాలు తీసి మెడకు చుట్టింది. గట్టిగా చుట్టి, మళ్లీ కొంచెం వదులు చేసింది.

"నడువు. పొద్దెక్కుతుంది" అంది.

*

మంగళవారం కన్నమ్మ వచ్చింది. కట్ట అరుగు మీద దించి తానే ముడి విప్పింది. విస్తర్లు పెద్దవి. అంచులు వంకర లేకుండా, పుల్లలు దగ్గరదగ్గరగా గుచ్చి, పెళ్లికి కుట్టినట్టు కుట్టింది.

"పోయినసారి కోపంల చిన్నగ కుట్టిన చెల్లె. ఇంటికి పొయినంక పాణం పట్టలే. నీ తిప్పలు నీకున్నయాయె. ఇగో, ఎప్పటి తీరుగనే ఉన్నయి చూడు."

రిబ్కా ఒక విస్తరి చేతిలోకి తీసుకుంది. దాని మీద అరచేయి పెట్టి చూసింది. చేయి చుట్టూ ఎంతో ఆకు మిగిలిపోయింది.

"గివి వద్దక్కా."

"ఏందే?"

"మొన్నటి అసొంటియే కుట్టు. చిన్నయి. ఇంక జర చిన్నగైనా మంచిదే."

కన్నమ్మ ఆమె మొహంలోకి చూసింది. గల్లాపెట్టె దగ్గర వంగి ఉల్లిపాయలు ఏరుతున్న సంసోను వైపు చూసింది. అతను తల ఎత్తలేదు.

"ఇంక చిన్నగ కుడితే ఇస్తరి గాదు చెల్లె, డొప్ప ఐతది."

"డొప్పే కానీ."

రోడ్డు మీద కొత్తగూడెం బస్సు ఆగింది. దిగినవాళ్లలో కొందరు గోడ మీది అక్షరాలు చదువుకుంటూ ఇటే వస్తున్నారు. రిబ్కా లోపలికి వెళ్లి, పప్పు గిన్నె మూత తీసి, చెంబు నీళ్లు పోసి కలిపింది.